కొచ్చి బినాలే: వంద రూపాయల టికెట్టు, ఐదువేల ఐదొందల గది

ముందు లెక్క చెప్పేస్తాను, కథ తర్వాత. 2018 డిసెంబరు చివర్లో మేం నలుగురం, నాలుగు రాత్రులు. బినాలే అనే కళా ప్రదర్శనకి టికెట్టు తలకి 100. ఎర్నాకుళం నుంచి అది జరిగే ఫోర్ట్ కొచ్చికి పడవ అప్పట్లో తలకి 4. గదికి ఫోన్లో ఒప్పుకున్నది రోజుకి 2,400, అంటే నాలుగు రాత్రులకి 9,600. చివరికి మా దగ్గర గుంజింది 15,800. ఆ పైన పడ్డ 6,200 ఉంది చూశారూ, అది గొంతులో ముల్లులా ఉండిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

అసలు ఈ ప్రయాణం నా పంతం. మా ఆయన మున్నార్ అన్నారు. తొమ్మిదో తరగతి చదివే మావాడు అలెప్పీలో హౌస్‌బోటు అన్నాడు. అత్తయ్యగారు గురువాయూరు తప్ప ఇంకేదీ కేరళ కాదన్నట్టు మాట్లాడారు. నేను మాత్రం కొచ్చి అని కూర్చున్నాను. కారణం ఉంది. 2017 జనవరిలో ఆఫీసు పని మీద ఒక్కదాన్నే వెళ్ళినప్పుడు, బినాలే జరుగుతున్న ఆస్పిన్‌వాల్ హౌస్‌లో ఒక పాత గోదాములోకి చెప్పులు విప్పి, చీర ఎత్తిపట్టుకుని దిగాను. నేలంతా సముద్రపు నీళ్ళు. రౌల్ సురీతా అని చిలీ కవి, ఆయన చేసిన గది అది. పేరు 'సీ ఆఫ్ పెయిన్'. ఒడ్డుకి కొట్టుకొచ్చిన సిరియా పిల్లాడు అలాన్ కుర్దీ ఫొటో ప్రపంచమంతా చూసింది కదా, ఆ రోజే మునిగిపోయిన వాడి అన్న గాలిప్‌కి అలాంటి ఫొటో లేదు. ఆ ఫొటో లేని పిల్లాడి కోసం ఈ గది. గోడల మీద కవిత వాక్యాలు, అవతలి గోడ దాకా నీళ్ళలో నడవాలి. మళ్ళీ వెనక్కి నడవాలి. బయటికొచ్చాక నా చీర కుచ్చిళ్ళు తడిసి బరువెక్కి ఉన్నాయి. ఇంటికొచ్చి ఎంత చెప్పినా మా ఆయనకి ఎక్కలేదు. "నీళ్ళలో నడవడానికి కొచ్చి దాకా ఎందుకు, వర్షాకాలంలో మన విజయవాడ వన్ టౌన్ రోడ్డు చాలదా?" అన్నారు. అప్పుడే అనుకున్నాను, వచ్చే బినాలేకి ఇంటిల్లిపాదినీ ఈడ్చుకెళ్ళాలని.

బినాలే అంటే రెండేళ్ళకోసారి జరిగేది. కొచ్చిలో బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అనే ఇద్దరు కళాకారులు 2012 డిసెంబరు 12న మొదలెట్టారు. మేం చూసింది నాలుగోది. దాన్ని అనితా దూబే తీర్చారు. కొచ్చి బినాలేకి ఆడమనిషి క్యురేటర్, అంటే ప్రదర్శనని కూర్చేవారు, కావడం అదే మొదటిసారి, పాల్గొన్నవాళ్ళలోనూ సగానికి పైగా ఆడవాళ్ళే. అది 2019 మార్చి 29తో అయిపోయింది.

విజయవాడ నుంచి కేరళ ఎక్స్‌ప్రెస్. రైలు గంటన్నర ఆలస్యం, అంతే. దిగింది డిసెంబరు 30, ఆదివారం. పడవ దిగి పది నిమిషాలు నడిచి గది చేరేసరికి అందరం ఉత్సాహంగానే ఉన్నాం.

ఇక ఆ గది సంగతి. బోర్డు మీద 'ఆర్ట్ హోమ్‌స్టే' అని ఉంది. వాకిట్లో ఫైబరు గ్లాసు కథకళి ముఖం, దానికి పావలా వంతు రంగు రాలిపోయింది. ఓనరు నవ్వుతూ ఎదురొచ్చాడు. నిమ్మకాయ నీళ్ళిచ్చాడు. నాలుగు ఆధార్ కార్డులూ జిరాక్సు తీసుకున్నాడు. రిజిస్టర్లో సంతకం పెట్టించుకున్నాడు. నేను ముందే పంపిన 3,000 అడ్వాన్సు అందిందని రసీదు రాశాడు. అన్నీ అయ్యాక సొరుగులోంచి లామినేషన్ చేసిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. 31, 1 తేదీలకి 'కార్నివాల్ రేటు', రోజుకి 5,500.

ఫోన్లో ఈ మాట అనలేదే అన్నాను. మీరు అడగలేదుగా అన్నాడు. మా ఆయన హిందీలో అరిచారు, అతను ఇంగ్లీషులో మెత్తగా జవాబిచ్చాడు, మధ్యలో అత్తయ్యగారు అచ్చ తెలుగులో దులిపారు. ముగ్గురిలో ఎవరి మాటా ఎవరికీ పూర్తిగా అందలేదు గానీ అత్తయ్యగారి మాటలకి మాత్రం అతను ఒకసారి కళ్ళెత్తి చూశాడు. నేనూ మావాడూ రెండు గంటలు వీధులన్నీ తిరిగాం. ఒక చోట 7,000 అన్నారు, మిగతా చోట్ల గేటు దగ్గరే చెయ్యి ఊపేశారు. ఫోర్ట్ కొచ్చిలో ఏటా డిసెంబరు 31 రాత్రి పప్పాంజి అని భారీ ముసలాడి బొమ్మ చేసి, సముద్రపొడ్డున తగలబెడతారు. దానికి జనం విరగబడతారు. ఇది ముందే తెలుసుకోకపోవడం నా తప్పే. కానీ తెలిసీ చెప్పకపోవడం అతని తప్పు కాదా?

ఫొటోలో 'సముద్రం కనిపించే కిటికీ' అని చూశాను. కనిపిస్తుంది, అబద్ధం కాదు. మంచమెక్కి నిలబడి, రెండు నీళ్ళ ట్యాంకుల సందులోంచి చూస్తే రెండు జానల సముద్రం. ఆ ఫొటో తీసినవాణ్ణి బినాలేలో పెట్టాలి. వేడినీళ్ళు పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర వరకే. ఏసీ ఉంది, రిమోట్ మాత్రం అతని దగ్గర ఉంది, దానికి రోజుకి ఇంకో 400. పంతానికి ఫ్యానుతోనే ఉక్కపోసుకుంటూ పడుకున్నాం. టిఫిను కలిపే అన్న మాట నిజమే, తలకి రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక గుడ్డు. అత్తయ్యగారు గుడ్డు తినరని చెబితే దాని బదులు అరటిపండు ఇచ్చి, "నో ఎక్స్‌ట్రా ఛార్జ్" అన్నాడు.

31న బినాలేకి వెళ్ళలేదు. పడుకుని లేచి, చీనా వలలు చూసి, తిరిగొచ్చాం. రాత్రి మా ఆయనా, మావాడూ పప్పాంజి తగలబడటం చూడ్డానికెళ్ళి ఒక చెప్పు పోగొట్టుకుని ఒంటిగంటకి వచ్చారు. మావాడి చెప్పు, 349 రూపాయలు.

జనవరి 1న ఆస్పిన్‌వాల్ హౌస్. 1867లో ఒక ఇంగ్లీషు వ్యాపారి పెట్టిన కంపెనీ, మిరియాలు, అల్లం, కొబ్బరి పీచు ఎగుమతి చేసిన గోదాములు. సముద్రం గోడ దాకా వచ్చి తాకుతుంటుంది. కొత్త భవనం కట్టి ఈ బొమ్మలన్నీ పెడితే మనసుకి ఇందులో సగం కూడా ఎక్కవు. పెచ్చులూడిన గోడ, తేమ వాసన, దూలాల మీద పావురాలు, వీటి మధ్యే వాటికి పట్టు దొరుకుతుంది. 2014లో అనీష్ కపూర్ ఇక్కడే నేలలో గొయ్యి తీసి నీళ్ళ సుడిగుండం తిప్పాడు. అది నేను చూళ్ళేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మొదటి గంట మావాళ్ళ మొహాలు చూస్తే నాకే జాలేసింది. మా ఆయన ఫోన్లో క్రికెట్ స్కోరు చూస్తూ గది గదికీ నీడలా వచ్చారు. ఇలాంటి ప్రదర్శనల్లో గోడకి అతికించే ఇంగ్లీషు రాతలు ఒకటి, చదివితే ఉన్న కాస్త ఆసక్తీ చస్తుంది. నా సలహా, ముందు వస్తువు చూడండి, అది మిమ్మల్ని పట్టుకుంటేనే రాత చదవండి. పట్టుకోకపోతే మొహమాటపడకుండా పక్క గదికి వెళ్ళిపోండి. అన్నీ బాగుండవు. ప్రొజెక్టరు పెట్టి గంటసేపు తిప్పే వీడియోలు సగం వదిలేశాను, ఏం పశ్చాత్తాపం లేదు.

మావాణ్ణి పట్టుకున్నది సాంగ్ డాంగ్ అనే చైనా కళాకారుడి 'వాటర్ టెంపుల్'. బ్రష్షు నీళ్ళలో ముంచి ఏం రాసుకున్నా రాసుకోవచ్చు, కాసేపటికి ఆరి మాయమైపోతుంది. వాడు నా వైపు ఒకసారి చూసి, లెక్కల్లో వచ్చిన 31 మార్కులూ రాసి, ఆరేదాకా అక్కడే నిలబడ్డాడు. మళ్ళీ రాశాడు. ఆ మార్కుల సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. మా ఆయన్ని బాపి దాస్ పట్టుకున్నాడు. కోల్‌కతాలో ఆటో నడిపిన మనిషి. ఆటోలూ రోడ్లూ, డ్రైవరు సీట్లోంచి కనిపించే ఊరూ, అన్నీ సూదీ దారంతో సన్నగా కుట్టాడు. దూరం నుంచి ఫొటో అనుకుంటాం. దగ్గరికెళ్తే కుట్టు మీద కుట్టు. మా ఆయన ఫోను జేబులో పెట్టి వంగి చూశారు, "వీడికి కళ్ళు ఎలా ఉన్నాయో" అన్నారు. ఫొటోల్లో నన్ను పట్టుకున్నవి విక్కీ రాయ్‌వి. చిన్నప్పుడు ఇంట్లోంచి పారిపోయి ఢిల్లీ స్టేషన్లో చెత్త ఏరిన పిల్లాడు. హిమాచల్ కొండలంటే మనకి క్యాలెండరు బొమ్మలే గుర్తొస్తాయి. ఇతను ఆ కొండల గాట్లు చూపించాడు.

శిల్పా గుప్తా గది చీకటి. వంద ఇనప ఊచలు, ఒక్కోదానికి గుచ్చిన ఒక్కో కాగితం, పైనుంచి వేలాడే వంద మైకులు. రాసినందుకు జైలుకెళ్ళిన వందమంది కవుల మాటలు. మైకులో మనం మాట్లాడటం కాదు, మైకే మనతో మాట్లాడుతుంది. ఒకటి ఒక వాక్యం అంటే మిగతావి అందుకుంటాయి. ఏ మూల నుంచి వస్తుందో తెలీదు. తెలుగు వినిపిస్తుందేమోనని పావుగంట నిలబడ్డాను, నేనున్నంతసేపూ వినిపించలేదు. అత్తయ్యగారు రెండు నిమిషాల్లో బయటికెళ్ళిపోయారు, "కరెంటు పోయిన గుళ్ళో ఉన్నట్టుంది" అని.

ఆవిడ గురించి చెప్పాలి. ఊరు దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి మా ఆయన ఏడాది పిల్లాడు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు, ఆవిడ ఎత్తనివ్వరు. నేను మర్చిపోయి, మార్జియా ఫర్హానా గదిలోకి తీసుకెళ్ళాను. బంగ్లాదేశ్ అమ్మాయి. 2018 ఆగస్టు వరదల్లో కేరళ ఇళ్ళల్లో పాడైపోయిన సామాను సేకరించి, పైకప్పు నుంచి వేలాడదీసింది. ఫ్రిజ్జులు, టీవీలు, కుర్చీలు, పుస్తకాలు. నీళ్ళలో తేలుతున్న సామాను కింద మునిగిపోయి మనం నిలబడ్డట్టు ఉంది. నాకు గుండె ఝల్లుమంది, ఆవిడ చెయ్యి పట్టుకోబోయాను. ఆవిడ విడిపించుకుని, ఒక పుస్తకం కిందికెళ్ళి తలెత్తి చూశారు. అట్ట ఉబ్బి, పేజీలు అలల్లా గట్టిపడి ఉన్నాయి.

"ఆరినా అంతే, అమ్మాయ్. మీ మామగారి భారతం చూళ్ళేదూ?"

చూశాను. పెళ్ళయిన కొత్తలో ఆ పుస్తకం మూయబోతే మూతపడలేదు, ఎవరో పాడుచేశారనుకున్నాను. ఇరవై ఏళ్ళకి దగ్గర పడుతోంది, అది ఉప్పెన పుస్తకమని ఇన్నాళ్ళూ నాకు తెలియదు. ఆవిడ ఇంకేం అనలేదు. బయట చెట్టు కింద కూర్చుని టీ అడిగారు, పంచదార తక్కువైందని తిట్టారు.

మర్నాడు మళ్ళీ అక్కడికే వెళ్దామని ఆవిడే అన్నారు. రెండోసారి 400. ఆ రోజు స్యూ విలియమ్సన్ చొక్కాల దగ్గర చాలాసేపు ఉన్నాం. దక్షిణాఫ్రికా కళాకారిణి. డచ్చి ఈస్టిండియా కంపెనీ మన దేశం నుంచి మనుషుల్ని కేప్‌టౌనుకి బానిసలుగా పట్టుకెళ్ళి అమ్మింది. అక్కడి దస్తావేజుల్లోంచి 119 అమ్మకాలు తీసి, ఒక్కో నూలు చొక్కా మీద ఒక్కో మనిషి వివరం నల్ల సిరాతో రాసింది. పేరు, పుట్టినచోటు, అమ్మినవాడు, కొన్నవాడు, ధర. అక్కడి కోట దగ్గర బురదనీళ్ళలో ముంచి, మళ్ళీ ఇండియాకి తెచ్చింది. ఆరేసినట్టు తాళ్ళకి వేలాడుతున్నాయి. గాలికి చొక్కా చెయ్యి కదిలితే మనిషి పిలిచినట్టే ఉంది.

మావాడు నానమ్మకి చదివి వినిపించాడు. "వీళ్ళకి ఇంటిపేర్లు లేవేంట్రా?" అని ఆవిడ. "పట్టుకొచ్చిన చోటే ఇంటిపేరు, నానమ్మా. ఫలానా ఆఫ్ మలబార్, ఫలానా ఆఫ్ బెంగాల్." "మరి మనవైపు?" కోరమాండల్ అని రాసుకున్నవాళ్ళూ కేప్ రికార్డుల్లో ఉన్నారు, కోరమాండల్ అంటే మన తీరమే. డచ్చివాళ్ళు కొచ్చిని పట్టుకున్నది 1663లో, బందరులో దిగింది 1605లోనే. ఆ మాట చెప్పగానే ఆవిడకి బందరు డచ్చి సమాధులు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు పెద్దనాన్నగారింటికి వెళ్ళినప్పుడు అక్కడ ఆడుకునేవారట. "ఆ రాళ్ళ మీద దొరల పేర్లు ఎంత లోతుగా చెక్కారో, వేలు పెట్టి దిద్దేవాళ్ళం" అన్నారు. ఎదురుగా ఉన్న చొక్కా మీద సిరా బురదకి కాస్త అలుక్కుపోయి ఉంది.

తర్వాత బినాలే జరిగే ఇంకో ఆవరణ, కబ్రాల్ యార్డులో భోజనం. ఎక్కడెక్కడి బయటి తిళ్ళకో తిట్టుకున్నాక, ఇదొక్కటి చాలు ఈ ప్రయాణానికి. 'ఎడిబుల్ ఆర్కైవ్స్' అని, వంటని కూడా బినాలేలో భాగంగా పెట్టారు. దేశంలో కనుమరుగవుతున్న నాటు బియ్యాల్ని తెచ్చి, రోజుకో రకం వండేవారు. ఆర్ట్ ఎగ్జిబిషన్లో అన్నం ఏమిటని మా ఆయన నవ్వారు గానీ, ముద్ద నోట్లో పెట్టాక నవ్వు ఆగింది. ఎర్రటి లావు మెతుకు, నమిలితే పలుకు పలుకుగా, చివర్లో కాస్త తీపి. అత్తయ్యగారు మాత్రం తినకుండా నాలుగు మెతుకులు అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలిపి చూశారు. "తవుడు తియ్యలేదు. దంపుడే." అక్కణ్ణించి మొదలెట్టారు, అక్కుళ్ళు, ఆట్రగడ, కృష్ణకాటుకలు, ఏది ఏ చేలో పండేది, ఏది పులిహోరకి నిలబడేది, ఏది బాలింతకి పెట్టేవారు. వడ్డించే అమ్మాయికి ఒక్క ముక్క తెలుగు రాదు. అయినా ఆ పేర్లు మావాడి చేత ఇంగ్లీషులో రాయించుకుని కాగితం దాచుకుంది. నాలుగు రోజుల్లో అత్తయ్యగారు రెండోసారి అన్నం వేయించుకున్నది అక్కడొక్కచోటే.

ఆటోల విషయం. "యాభై రూపాయలకి ఊరంతా చూపిస్తా" అనేవాళ్ళ జోలికి పోకండి. మమ్మల్ని ఎక్కించుకున్నవాడు వరసగా మూడు దుకాణాల ముందు ఆపాడు, కొనక్కర్లేదు, పది నిమిషాలు లోపల తిరిగితే చాలని బతిమాలాడు. తిరిగినందుకు అతనికి దుకాణంవాళ్ళు ఏదో ఇస్తారు. అక్కడ మిరియాలు కిలో 900. మట్టాంచేరిలో మామూలు కిరాణా కొట్లో అత్తయ్యగారు 500 చెప్పినదాన్ని 480కి తెచ్చారు. ఫోర్ట్ కొచ్చి నుంచి మట్టాంచేరికి మాట్లాడుకుని ఎక్కితే అప్పట్లో 60.

దారిలో ధోబీ ఖానా చూడండి, టికెట్టు లేదు. తమిళనాడు నుంచి తరాల కిందట వచ్చిన వణ్ణార్ కుటుంబాలవాళ్ళు ఇంకా చేత్తోనే ఉతుకుతున్నారు. ఆరేసే చోట ఒక్క క్లిప్పు లేదు. రెండు పేటల తాడు పురిపెట్టి బిగించి, ఆ పురి మధ్యలోకి బట్ట కొస దూరుస్తారు. ఎంత గాలికీ జారదు. అత్తయ్యగారు ఒక దుప్పటి కొస లాగి చూశారు, రాలేదు. ఉతికే ఆయన నవ్వాడు. పొద్దున చూసిన చొక్కాలకంటే వీటినే ఎక్కువసేపు చూశారావిడ.

2వ తేదీ సాయంత్రం గదికొస్తే ఓనరు టీవీ ముందు ఉన్నాడు. మర్నాడు రాష్ట్రమంతా హర్తాళ్. శబరిమల గొడవ. బస్సులుండవు, ఆటోలుండవు, కొట్లుండవు. మా రైలు మధ్యాహ్నం. "రేపు ఎవరూ కదలరు మేడమ్. ఇక్కడే ఉండిపోండి. మీకోసం పాత రేటే, 2,400" అన్నాడు, మహా ఉపకారం చేస్తున్నట్టు. మా ఆయన ఆ రాత్రే వీధిలో తిరిగి ఒక టాక్సీ మాట్లాడారు, 1,200. నాలుగున్నరకి లేచి, చీకట్లో సామాను మోసుకుని బయటపడ్డాం. గేటు తాళం తీయడానికి ఓనరు లుంగీతో వచ్చాడు. నాలుగు బ్రెడ్డు ముక్కలు పొట్లం కట్టి ఇస్తాడేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. ఇవ్వలేదు. ఎర్నాకుళం టౌన్ స్టేషన్లో పదిగంటలు కూర్చున్నాం. అత్తయ్యగారి సంచిలో మిగిలిన సున్నుండలూ అటుకులే ఆ రోజు భోజనం. మా ఆయన చిత్రంగా అస్సలు విసుక్కోలేదు, ఆ ఆటో కుట్లు ఫోన్లో పెద్దవి చేసి మావాడికి చూపిస్తూ కూర్చున్నారు.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. రెండు రోజులు పెట్టుకోండి, ఒక్క రోజులో ఊపిరాడదు. గోదాముల చెక్కమెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులవాళ్ళని పై అంతస్తులకి ఎక్కించకండి. డిసెంబరు చివరి వారం వద్దు. గది ఎర్నాకుళంలో తీసుకుని పడవలో రోజూ వెళ్ళి రావడం అన్నిటికంటే మేలు. ఫోన్లో ఒప్పుకున్న రేటు, ప్రతి తేదీకీ విడివిడిగా, వాట్సాప్‌లో రాయించుకోండి.

ఇంటికొచ్చిన మర్నాడే అత్తయ్యగారు మేడ మీద ప్లాస్టిక్ తీగ పీకించి, కొబ్బరితాడు రెండు పేటలు పురిపెట్టించి కట్టించారు. క్లిప్పుల డబ్బా పనమ్మాయికి ఇచ్చేశారు. మొదటిరోజు నా చీర జారి కింది వాటాలోకి పోయింది, పురి చాలలేదని ఇంకోసారి బిగించారు.

సంక్రాంతి నాడు ఓనరు నుంచి మెసేజ్ వచ్చింది, పండగ శుభాకాంక్షలు, దయచేసి ఐదు నక్షత్రాలు ఇవ్వమని. నేను 2,400 అని తనే పంపిన పాత మెసేజూ, 15,800 బిల్లూ రెండూ పక్కపక్కన ఫొటో తీసి పంపాను. రెండు టిక్కులూ నీలం అయ్యాయి. జవాబు లేదు.